ప్రిజన్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ప్రోగ్రాం

అమెరికాలోని టెక్సాస్ జైళ్లలో, విడుదలకు దగ్గరపడిన ఖైదీలకు వ్యాపారం నేర్పే లాభాపేక్షలేని సంస్థ. పెట్టుబడుల రంగంలో పనిచేసిన కేథరిన్ రోర్ 2004లో దీన్ని ప్రారంభించారు. మత్తుమందుల ముఠా నడిపినవాడికి సరుకు, లాభం, పోటీ, మనుషుల చేత పని చేయించుకోవడం ముందే తెలుసు కనుక ఆ నేర్పును చట్టబద్ధమైన దారికి మళ్లించవచ్చన్నది ఆమె వాదన. జైల్లో ఉన్నవారంతా ముఠా నాయకులు కారు గనుక ఈ వాదన కొంతవరకే చెల్లుతుంది. ఎంపిక మాత్రం కఠినం. లైంగిక నేరాల్లో శిక్షపడినవారిని తీసుకోరు.

ప్రతి అభ్యర్థీ సొంత వ్యాపార ప్రణాళిక రాసి, బయటి నుంచి వచ్చిన కంపెనీ అధికారులు, పెట్టుబడిదారుల ముందు వినిపించాలి. ఖర్చులు ఎంత, గిరాకీ ఎక్కడిది, అప్పు ఎలా తీరుస్తావు అని వాళ్లు గుచ్చిగుచ్చి అడుగుతారు. చివర్లో గౌను, టోపీలతో పట్టభద్రోత్సవం జరుగుతుంది.

అసలు కష్టం విడుదలయ్యాకే. తలదాచుకోవడానికి సంస్థ వసతి గృహాలు నడుపుతుంది, బయట కూడా తరగతులు కొనసాగిస్తుంది. చాలామంది ముందు జీతానికి కుదురుకుంటారు; సొంత దుకాణం ఆ తర్వాతి మాట. రోర్ 2009లో సంస్థను వీడి, 2010లో న్యూయార్క్‌లో ఇదే లక్ష్యంతో డిఫై వెంచర్స్‌ను స్థాపించారు.