వేలి ఎముకకూ సోకే క్షయ

క్షయ అనగానే దగ్గు, కఫం, ఊపిరితిత్తులే స్ఫురిస్తాయి. చేతివేళ్ల ఎముకలకూ ఆ వ్యాధి సోకుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. అరుదైన వ్యాధి కావడంతో వైద్యులకు సైతం వెంటనే అనుమానం రాదు. నెలల తరబడి యాంటీబయాటిక్ మాత్రలతో కాలం గడిచిపోతుంది. వేలు వంగకుండా బిగిసిపోవడానికి ఈ జాప్యమే ప్రధాన కారణం.

శరీరంలో మరోచోట దాగిన క్షయ క్రిములు రక్తం ద్వారా ఎముక మూలుగను చేరతాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఎముక లోపలి నుంచి కరుగుతూ, పైపొర బుడగలా ఉబ్బుతుంది. 'గాలి నిండినది' అనే అర్థంలో దీనిని లాటిన్‌లో 'స్పైనా వెంటోసా' అన్నారు. వేలు నడుమ లావెక్కి కదురులా కనిపిస్తుంది. ఎరుపు, వేడి, నొప్పి అంతగా ఉండవు. ఆలస్యమైతే పుండు పడి రసి కారుతుంది.

పల్లెల్లో దీనిని గోరుచుట్టుగా భావించి నిమ్మకాయ తొడుగుతుంటారు. గోరుచుట్టు గోరు అంచున మొదలై, కొద్దిరోజుల్లోనే సలుపుతూ చీము పడుతుంది. క్షయ వాపు మాత్రం వారాల తరబడి నిదానంగా పెరుగుతుంది. శిశువుకు రెండు చేతులు, పాదాలు ఒక్కసారిగా వాచి నొప్పి పెడితే సికిల్ సెల్ వ్యాధిని అనుమానించాలి. ఏజెన్సీ గిరిజన కుటుంబాలు ఈ తేడాను తప్పక గమనించాలి.

ఛాతీ ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన ఎముక క్షయ లేదని చెప్పలేం. చేతి ఎక్స్‌రేలో మార్పులు కనిపించినా, ఎముకలో పెరిగే కణితులు కొన్ని అలాగే ఉంటాయి. అందువల్ల చిన్న ముక్క తీసి పరీక్షించడమే (బయాప్సీ) నమ్మదగిన మార్గం. ఇక్కడ ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. ముక్క మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చనిపోయి కల్చర్ పరీక్షకు పనికిరాదు. కొంత భాగాన్ని సెలైన్‌లో వేరుగా పంపాలి. సీబీనాట్ పరీక్షలో కొన్ని గంటల్లోనే క్రిమి ఆనవాలు, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో తెలుస్తాయి. కల్చర్ ఫలితానికి ఆరు వారాలకు పైగా పట్టవచ్చు.

చికిత్సకు ప్రధానంగా మందులే ఆధారం. తొలి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ ఇస్తారు. అనంతరం పైరజినమైడ్ ఆపి మిగిలిన మూడింటిని మరో 10 నెలలు కొనసాగిస్తారు. అవసరమైతే గడువు పొడిగిస్తారు. మొండి క్షయ అయితే మందులు వేరు. చీము తీయడానికో, చచ్చిన ఎముకను తొలగించడానికో తప్ప శస్త్రచికిత్స అవసరం రాదు. తొలుత వేలికి బద్ద కట్టి విశ్రాంతినిచ్చి, నొప్పి తగ్గాక వ్యాయామం చేయించాలి.

వాపు తగ్గగానే కొందరు మాత్రలు మానేస్తారు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడనక్కరలేదు. చూపు మసకబారినా, కళ్లు పచ్చబడినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే పోషకాహార సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు రూ.500 నుంచి రూ.1000కి పెంచారు. పేరు నమోదు చేయించుకునేటప్పుడు బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి.