ఫ్యాక్టరీ పెరిగిందంటే కొలువు పెరిగినట్టేనా? పరిశ్రమల లెక్క చదువుడెట్ల

ప్రతి నెల 28వ తారీఖు అటుఇటుగ ఫోన్ల ఒక వార్త తేలుతది. దేశంల పారిశ్రామిక ఉత్పత్తి ఇంత శాతం పెరిగిందనో, తగ్గిందనో. దాని కింద ఒకలు జై కొడుతరు, ఇంకొకలు అంత అబద్ధమని తిడుతరు. ఆ అంకె దేన్ని కొలిచిందో అడిగేటోళ్లు తక్కువ.

నేను బీడీ కార్మికుల నడుమ, మరమగ్గాల షెడ్ల నడుమ మస్తు ఏండ్లు తిరిగిన. కాలేజీల ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. సర్కారు రిపోర్టులు పైస ఖర్చు లేకుంట దొరుకుతయి గనుక ఒక్కొక్కటి కూసోని చదివిన. చదివినంక నాకు సమజైనదేందంటే, ఈ అంకెలల్ల చానమటుకు అబద్ధాలు కావు. కాని ప్రతి అంకెకు ఒక గేటు ఉంటది. గేటు లోపలోళ్లే లెక్కకు వస్తరు. తమ్ముడూ, చెల్లే, ముందు ఆ గేటు ఎక్కడున్నదో సూడుండ్రి.

ఐఐపీ: సరుకు లెక్క

నెలనెల వచ్చేది పారిశ్రామిక ఉత్పత్తి సూచీ. ఐఐపీ అని పిలుస్తరు. కేంద్ర గణాంక శాఖ కింద పనిచేసే జాతీయ గణాంక కార్యాలయం దీన్ని విడుదల చేస్తది. ఒక ఆధార సంవత్సరంల ఎంత తయారైందో దాన్ని 100 అనుకోని, ఇయ్యాల ఎంత తయారైతుందో దానితోని పోలుస్తరు. 2011-12 సిరీస్‌ల వస్తు తయారీకి సుమారు 77.6 శాతం, గనులకు 14.4 శాతం, కరెంటుకు 8 శాతం బరువు పెట్టిండ్రు. ఇన్నేండ్లల్ల సరుకుల తీరు మారింది గనుక 2022-23 ను కొత్త ఆధార సంవత్సరం చెయ్యాలని కేంద్రం నిర్ణయించింది.

ఇందుల బొగ్గు, ముడిచమురు, సహజవాయువు, రిఫైనరీ సరుకులు, ఎరువులు, ఉక్కు, సిమెంటు, కరెంటు అనే ఎనిమిదింటిని కీలక రంగాలంటరు. 2011-12 సిరీస్‌ల ఈ ఎనిమిదింటిదే ఐఐపీల 40 శాతం బరువు. మన గోదావరిఖని సుట్టుపక్కల నిలవడి సూస్తే సింగరేణి బొగ్గు, రామగుండం యూరియా, ఎన్టీపీసీ కరెంటు ఒక్క కాడనే కనవడుతయి.

కాని ఐఐపీ టన్నులు, యూనిట్లు, సరుకు విలువ కొలుస్తది. మనుషులను కొలువది. పాత మిషన్ తీసి కొత్తది పెట్టి, పది మంది చేసే పని నలుగురితోని చేపిచ్చినా ఐఐపీ పెరుగుతది. అందుకే "ఉత్పత్తి పెరిగింది, కొలువులొచ్చినయి" అని ఎవలన్న అంటే, మొదటి మాటకు రుజువు ఉంటది, రెండో మాటకు ఉండదు.

ఇంకో మెలిక ఉన్నది. పెరిగిన శాతం దేనితోని పోల్చిండ్రన్న దాని మీద ఉంటది. 2019 ఏప్రిల్‌ల ఐఐపీ 126.5. లాక్‌డౌన్ నడిచిన 2020 ఏప్రిల్‌ల 54కు పడ్డది. 2021 ఏప్రిల్‌ల 126.6కు వచ్చింది. ఏడాది ఎనుకటితోని పోలిస్తే 134 శాతం పెరుగుదల! రెండేండ్ల ఎనుకటితోని పోలిస్తే ఉన్న కాడనే ఉన్నం. ఆ అంకెలు పోల్చతగినయి కావని గణాంక కార్యాలయమే చెప్పింది. అయినా హెడ్డింగులల్ల 134 శాతం ఊరేగింది.

ఏఎస్ఐ: గేటు లోపలి మనుషులు

ఫ్యాక్టరీల ఎంతమంది పనిచేస్తున్నరో చెప్పేది వార్షిక పరిశ్రమల సర్వే, ఏఎస్ఐ. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద రిజిస్టరైన వాటిని ఇది లెక్క పెట్టుకుంట వచ్చింది. ఆ చట్టం ప్రకారం కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. బీడీ, సిగార్ సంస్థలను 1966 చట్టం ప్రకారం ఇందుల కలుపుకుంట వచ్చిండ్రు. గని కార్మికులకు వేరే చట్టం ఉండేది. అందుకని సింగరేణి బొగ్గు ఐఐపీల ఉంటది గని, బావిల దిగే కార్మికుడు ఏఎస్ఐల ఉండడు. రెండు లెక్కలకు రెండు కంచెలు అంటే గిదే.

2023-24 ఏఎస్ఐ ప్రకారం దేశంల ఈ ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్లు సుమారు 1.95 కోట్ల మంది. ఇందుల మేనేజర్లు, ఆఫీసు సిబ్బంది సుత ఉంటరు. ఈ సర్వేల నాకు నచ్చేదేందంటే, కంపెనీ నేరుగ పెట్టుకున్నోళ్లను, కాంట్రాక్టరు ద్వార వచ్చినోళ్లను వేరువేరుగ రాస్తరు. 2000ల మొదట్ల 100 మంది కార్మికులల్ల కాంట్రాక్టోళ్లు 20 మంది దాకా ఉండిరి. ఇప్పుడు 40 దాటిండ్రు. కొలువులు పెరిగినయన్న వార్త ఎనుక ఈ అంకె సూడకపోతే సగమే చదివినట్టు.

2024 మార్చితోని ముగిసిన ఏడాది లెక్క 2025 ఆగస్టుల బయటికొచ్చింది. సరుకు లెక్క నెలనెల వస్తది, ఫ్యాక్టరీ మనుషుల లెక్కకు ఏడాదిన్నర దగ్గర ఆగాలె. దేనికి తొందర ఉన్నదో, దేనికి లేదో ఇక్కడనే తెలుస్తది.

గేటు బయట

సిరిసిల్లల నాలుగు మగ్గాల షెడ్డు, ఊర్ల వెల్డింగ్ దుకాణం, పిండి గిర్ని, టైలర్ షాపు ఏఎస్ఐల రావు. కంపెనీగ రిజిస్టరు కాని ఇసొంటి చిన్న సంస్థలకు వేరే సర్వే ఉన్నది. 2023-24ల దాని లెక్క 7.34 కోట్ల సంస్థలు, 12.06 కోట్ల మంది. ఇందుల తయారీతోని పాటు వ్యాపారం, సేవలు సుత ఉన్నయి గనుక 1.95 కోట్లకు నేరుగ పోల్చొద్దు. కాని దేశం ఎక్కడ బతుకుతుందో సమజ్ చేసుకునేటందుకు ఈ అంకె చాలు.

కొలువుల లెక్కలు ఇంకో రెండు

ఇంటింటికి తిరిగి అడిగేది పీఎల్ఎఫ్ఎస్. 2017ల మొదలైంది, 2025 ఏప్రిల్ నుంచి నెలనెల వివరాలు ఇస్తుంది. ఇందుల వారం లెక్క ఒకటున్నది. పోయిన ఏడు దినాలల్ల ఏ ఒక్క దినమన్న కనీసం గంట పనిచేస్తే, ఆ మనిషికి పని ఉన్నట్టే. ప్రపంచమంత దాదాపు ఇదే పద్ధతి. తప్పు కాదు, కాని "పని ఉన్నది" అంటే "బతుకు వెళ్తుంది" అని కాదు.

రెండోది పీఎఫ్ సంస్థ ఇచ్చే పేరోల్ లెక్క. మామూలుగ 20 మంది ఉన్న సంస్థకే పీఎఫ్ తప్పనిసరి. పదేండ్ల సంది నడిచే కార్ఖానా ఇయ్యాల పీఎఫ్ కడితే అందులోళ్లంత కొత్త పేర్లుగ కనవడుతరు. కాయితం కొత్తది, కొలువు పాతదే.

పీఎంఐ: నాడి చూసుడు

నెల మొదట్లనే వచ్చేది పీఎంఐ. ఇది సర్కారుది కాదు. ఎస్ అండ్ పీ గ్లోబల్ అనే ప్రైవేటు సంస్థ సుమారు 400 తయారీ కంపెనీలను అడుగుతది. ఆర్డర్లు, ఉత్పత్తి, కొలువులు, సరుకు వచ్చే టైము, ముడిసరుకు నిల్వ ఎట్లున్నయి? పోయిన నెల కంటె మంచిగనా, అట్లనేనా, పాడుగనా? 100ల 30 మంది మంచిగ, 50 మంది అట్లనే అంటే 30కి 50ల సగం కలిపి 55. అసొంటి ఐదు అంకెలను బరువుల లెక్కన కలిపితే పీఎంఐ. 50 దాటితే పెరుగుడు, తక్కువైతే తగ్గుడు. 2020 ఏప్రిల్‌ల 27.4కు పడ్డది. గాలి ఎటు మళ్లుతుందో అందరికంటె ముందు చెప్తది గని, చిన్న షెడ్డు సంగతి దానికి తెల్వది.

లెక్కల లేనోని గతి

ఇదంత మనకెందుకంటరా? తెలంగాణల బీడీ కార్మికులకు ఆసరా పింఛను పెట్టినప్పుడు, అక్క ఎన్నేండ్లు బీడీలు చుట్టిందన్నది కాదు, పీఎఫ్ ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న అయింది. 2025 జూన్ 30న పాశమైలారంల మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగ సచ్చిపోయిండ్రు. ఎంతోమంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. లోపల ఎంతమంది ఉండిరన్న లెక్క మొదట్ల తీరుతీరుగ వచ్చింది. గుర్తుపట్టేటందుకు డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. టన్నుల లెక్క దశాంశం దాకా ఉన్న దేశంల, గేటు దాటి లోపలికి పోయిన మనిషి లెక్క సక్కగ లేకపోవుడు చిన్న ముచ్చట కాదు.

ఇప్పుడు గేటే జరిగింది. 2025 నవంబర్ 21 నుంచి అమలుకు వచ్చిన వృత్తి భద్రత కోడ్‌ల ఫ్యాక్టరీ అంటే కరెంటు వాడితే 20 మంది, వాడకపోతే 40 మంది. 15 మంది పనిచేసే షెడ్డు నిన్న ఫ్యాక్టరీ, ఇయ్యాల కాదు. రేపు ఫ్యాక్టరీల సంఖ్యల తేడా వస్తే, కొంత కార్ఖానాలది, కొంత నిర్వచనానిది. రెండింటిని విడదీసి చెప్పుమని గణాంక శాఖను ఇప్పటి సందే అడగాలె.

వార్త సూసినప్పుడల్ల నాలుగు ప్రశ్నలు ఏసుకోండ్రి. ఇది సరుకు లెక్కనా, మనుషుల లెక్కనా? గేటు లోపల ఎవరు, బయట ఎవరు? ఏ నెలతోని, ఏ ఏడాదితోని పోల్చిండ్రు? అందుల పర్మనెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు?

ఐదోది మీ సొంతం. మీరు, మీ ఇంటోళ్లు ఏ లెక్కల ఉన్నరు? కొత్త కోడ్ ప్రకారం పనిల పెట్టుకుంటే నియామక పత్రం ఇయ్యాలె. అది అడుగుండ్రి. పీఎఫ్ యూఏఎన్ నంబరు తెరిచి పైసలు జమైతున్నయో లేదో సూడుండ్రి. ఈఎస్ఐ నంబరు రాసిపెట్టుకోండ్రి. రిజిస్టర్ల పేరు లేకపోతే, అనుకోనిదేమన్న అయినప్పుడు ఆ మనిషి గేటు లోపలికి పోయిండని రుజువు చేసుడు ఇంటోళ్ల నెత్తిమీదనే పడుతది.