చీటీ వేరు, జాడీ వేరు

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినదాన్ని ఊరికే కూర్చోకుండా మా వదిన కంప్యూటరు సర్దిపెట్టాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

మా పుట్టిల్లు మాకవరపాలెం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచీ అనకాపల్లి జిల్లా. మా అన్నయ్య కొడుకు ఒక పాత కంప్యూటరులో లైనక్సు ఎక్కించి వాళ్లమ్మకిచ్చాడు. తెర నిండా బొమ్మలే, పండగ ముందు సర్దని వంటింటి అలమరలాగ! చిందరవందరగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు కదా. భయపడుతూనే ముందు బ్రౌజరు బొమ్మ తీసేశాను. ఏమీ కాలేదు. మెనూలో చూస్తే బ్రౌజరు నిక్షేపంలా ఉంది. "ఓహో, ఇవన్నీ వట్టి బొమ్మలేనన్నమాట" అనుకుని మిగిలినవి కూడా ఊడ్చేశాను.

మధ్యాహ్నం వదిన వచ్చి తెర చూసి నిలబడిపోయింది.

"ఇక్కడ 'అత్తయ్యగారు' అని ఒకటి ఉండాలమ్మా, ఏదీ?" అంది.

అది మా అమ్మ చెబుతూ ఉండగా వదిన టైపు చేసుకున్న ఊరగాయల కొలతలు. ఆవకాయకి ఆవపిండి ఎంత, మాగాయ ముక్క ఎన్నాళ్లు ఎండాలి, అన్నీ. అమ్మ పోయి మూడేళ్లయింది. మళ్లీ అడుగుదామంటే మనిషి లేదు. నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

మేనల్లుడు నవ్వాడు. "ఏటత్తా ఆ కంగారు? చెత్తబుట్టలో ఉంటాది, ఉండు" అన్నాడు. వాడు ఆవేళ చెప్పిన పాఠం, ఆ తరవాత నేను కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్న చరిత్ర కలిపితే ఈ నాలుగు మాటలూ.

తెర మీది బొమ్మకి 'ఐకాన్' అని పేరు పెట్టినవాడు డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్. 1975లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాసిన సిద్ధాంత గ్రంథంలో ఆ మాట వాడాడు. 1981లో జిరాక్సు కంపెనీ 'స్టార్' అనే కంప్యూటరు తెచ్చి, ఆఫీసు బల్లనే తెర మీదికి ఎక్కించింది. కాగితం, ఫోల్డరు, సొరుగు, అన్నీ బొమ్మలే. అందుకే దాన్ని డెస్క్‌టాప్, అంటే బల్ల మీది చోటు, అంటారు. ఆఫీసు వాళ్లు కనిపెట్టారు గనక బల్ల అయింది. మనమే కనిపెట్టి ఉంటే వంటింటి గూడు అయ్యేదేమో!

అలాగని ఆడవాళ్ల చెయ్యి లేకపోలేదు. 1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటరుకి బొమ్మలు గీసినావిడ సూసన్ కేర్. గళ్ల కాగితం కొనుక్కొచ్చి, అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు పెట్టుకుని, ఒక్కో గడీ నింపుతూ గీసింది. మన చుక్కల ముగ్గు కాదుటండీ అది?

ఇక లైనక్సు సంగతి. దాన్ని 1991లో మొదలుపెట్టినవాడు లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి. అప్పట్లో అందులో బొమ్మలూ గిమ్మలూ లేవు, ఏం కావాలన్నా అక్షరాలు టైపు చెయ్యాల్సిందే. 1994లో మెక్సికో కుర్రాడు మిగెల్ డి ఇకాజా 'మిడ్‌నైట్ కమాండర్' రాశాడు. అది తెరని రెండు భాగాలు చేసి, ఇటు సామాను అటు మార్చుకునే వీలు కల్పించింది. 1997లో ఆయనే ఫెడెరికో మెనాతో కలిసి 'గ్నోమ్' ప్రారంభించాడు. దాని కోసం 2001లో ఈజెల్ అనే కంపెనీ 'నాటిలస్' అనే ఫైల్ మేనేజరుని పూర్తిచేసింది. అందులోని బొమ్మల్లోనూ సూసన్ కేర్ చెయ్యి ఉంది. కంపెనీ ఆ ఏడాదే మూతపడింది. నాటిలస్ మాత్రం అందరి సొత్తుగా ఇచ్చేసినది కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు దాన్ని 'ఫైల్స్' అంటున్నారు.

ఫైల్ మేనేజరంటే తాళంచెవులు బొడ్లో దోపుకున్న ఇల్లాలనుకోండి. ఏ ఫోల్డరులో ఏముందో చూసి, అది రాతో ఫోటోనో పాటో పోల్చుకుని, తగిన బొమ్మ తగిలించి మనకి చూపిస్తుంది. తెర మీది డెస్క్‌టాప్ కూడా వేరే లోకమేం కాదు. మన 'హోమ్' ఫోల్డరులో 'డెస్క్‌టాప్' అనే మామూలు ఫోల్డరు ఉంటుంది. అందులో ఉన్నవాటినే తెర మీద పరుస్తారు.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ బొమ్మలు రెండు రకాలు. ఒకటి వట్టి చీటీ. బ్రౌజరు బొమ్మ వెనకాల ఉన్నది కొన్ని పంక్తుల రాత మాత్రమే: దీని పేరేమిటి, ఏ బొమ్మ చూపాలి, నొక్కితే ఏ ప్రోగ్రాము నడపాలి. చీటీ చింపితే జాడీ పగలదు. రెండో రకం జాడీయే! వదిన రాసుకున్న ఫైలు ఆ ఫోల్డరులోనే ఉంది. దాన్ని తీస్తే సరుకే పోతుంది. చూడ్డానికి మాత్రం రెండూ పక్కపక్కనే, ఒక్కలాగే ఉంటాయి. నేను దెబ్బతిన్నది అందుకే.

ఆ చీటీలో తెలుగు పేరుకి వేరే పంక్తి కూడా ఉండొచ్చు. తెలుగులో పెట్టుకున్నవాళ్లకి ఆ పేరే కనిపిస్తుంది. ఆ పంక్తులు ఆకాశంలోంచి ఊడిపడవు, ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. 2005లో హైదరాబాదులో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ వాళ్లూ, మరెందరో స్వచ్ఛందంగానూ ఆ తెలుగు పని చేశారు. మా వదిన ఇంగ్లీషు జోలికి పోకుండా కంప్యూటరు వాడుకుంటోందంటే వాళ్ల చలవే.

చెత్తబుట్టా ఒక ఫోల్డరే. అందులో పడ్డ ప్రతి ఫైలుకీ, ఇది ఫలానా చోటినుంచి ఫలానా రోజున వచ్చింది అని ఒక చీటీ రాసి ఉంటుంది. వెనక్కి పంపమంటే ఆ చీటీ చూసి పాత చోటికే చేరుస్తుంది. మావాడు చేసింది అదే. 'అత్తయ్యగారు' మళ్లీ తెర మీదికి వచ్చింది. బుట్ట ఖాళీ చేసి ఉంటే అంత తేలిగ్గా దొరికేది కాదు. నాకు బుట్ట ఖాళీ చెయ్యడం తెలియకపోవడమే ఆవేళ మా అదృష్టం.

2018లో గ్నోమ్ వాళ్లు తెర మీద బొమ్మలు పరచడం మానేశారుట. కావలసినవాళ్లు విడిగా తగిలించుకోవాలి. ఆ మాటే మావాడు చెబితే వదిన ఒప్పుకోలేదు. "ఖాళీ అరుగు నాకెందుకురా? కళ్లెదురుగా ఆవిడ ఉండాలి" అంది.

వచ్చేముందు కొలతలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేయించాను. నోటుపుస్తకంలో నా చేత్తో కూడా ఎత్తి రాసుకున్నాను. జాడీ ఒక్కటే ఉంటే ఎప్పటికైనా భయమే కదండీ!