భోపాల్ నేర్పిన పాఠం: విపత్తు తరువాత మనసుకు వైద్యం

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి, భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. వేలాది మంది మరణించారు. లక్షలాది మంది కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇది అందరికీ తెలిసిన చరిత్రే. ఆ దుర్ఘటన మనసులకు చేసిన గాయం గురించి, దానికి వైద్యం అందిన తీరు గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

తొలి వారాలలో వైద్యులు రాత్రింబవళ్లు శ్రమించారు. వారి దృష్టి అంతా ఊపిరి నిలబెట్టడం మీదనే ఉండటం సహజం. కానీ రాష్ట్ర రాజధాని అయినప్పటికీ భోపాల్ వైద్య కళాశాలలో అప్పటికి మానసిక వైద్యుడు లేడు. సహాయక బృందాలలోనూ లేరు. దాదాపు రెండు నెలల తరువాతనే ఈ లోటును గుర్తించారు. లక్నో కింగ్ జార్జ్ వైద్య కళాశాల నిపుణులు పది చికిత్సా కేంద్రాలలో 855 మంది రోగులను పరిశీలించగా, సుమారు 22.6 శాతం మందిలో ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక సమస్యలు కనిపించాయి. వారిలో అత్యధికులు స్త్రీలు.

అప్పుడు బాధ్యులు ఎంచుకున్న మార్గం గమనించదగినది. బయటి నుండి నిపుణులను రప్పిస్తే, కొంతకాలానికి వారు తిరిగి వెళ్లిపోతారు. రోగులు మాత్రం అక్కడే ఉంటారు. అందువల్ల బాధితుల బస్తీలలో అప్పటికే పనిచేస్తున్న సుమారు 50 మంది సాధారణ వైద్యాధికారులకు 1985లో శిక్షణ ఇచ్చారు. దీనికి తోడ్పడినవారిలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన ఆచార్య ఆర్. శ్రీనివాసమూర్తి ఒకరు. ఈ ఆలోచన అప్పటికప్పుడు పుట్టినది కాదు. 1975 నుండి బెంగళూరు సమీపాన సకలవార గ్రామంలో నిమ్హాన్స్ చేసిన కృషి దానికి పునాది.

అయితే, శిక్షణ ఒక్కటే చాలదు. పీల్చిన వాయువు స్వభావమేమిటో, దాని ప్రభావం ఎంతకాలం ఉంటుందో బాధితులకు స్పష్టంగా చెప్పినవారు లేరు. సోడియం థయోసల్ఫేట్ చికిత్సపై నిపుణుల మధ్యనే వివాదం చెలరేగింది. పరిహారంపై ఒప్పందం 1989లో గాని కుదరలేదు. అనిశ్చితి భయాన్ని పెంచుతుంది. నిజాన్ని సకాలంలో చెప్పడం కూడా నాయకత్వ బాధ్యతే, చికిత్సలో భాగమే. మరొక హెచ్చరిక కూడా అవసరం. ఊపిరి ఆడటం లేదన్న రోగిని "అంతా మీ మనసులోనిదే" అని పంపివేయడం వైద్యం కాదు. శరీరానికి, మనసుకు కలిపి పరీక్ష జరగాలి.

1999 ఒడిశా పెను తుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీల తరువాత స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పద్ధతి విస్తరించింది. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మానసిక, సామాజిక సహాయంపై ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించింది.

వరద, తుఫాను, అగ్నిప్రమాదం తరువాత కొద్దిరోజులు నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం సహజం. ఆత్మీయుల తోడు, నిలకడైన దినచర్య లభిస్తే చాలామంది కోలుకుంటారు. వారాలు గడిచినా అవి తగ్గకపోతే, బ్రతుకుపై విరక్తి కలిగితే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. పునరావాస శిబిరంలో అన్నం, నీరు, మందులు లెక్కించే అధికారి, అక్కడి మనుషులు నిద్రపోతున్నారా అని కూడా మొదటి రోజు నుండే అడగాలి. భోపాల్‌లో ఆ ప్రశ్న అడగడానికి రెండు నెలలు పట్టింది.