కీలు, అస్త్రం, వెట్టి: శత్రుయంత్ర యుద్ధకథలకు తెలుగు పాఠకుడి కొలబద్దలు

1863 జూన్ 13న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి వెలువడే ‘ది ప్రెస్’ పత్రికలో సంపాదకుడికి రాసిన ఉత్తరం ఒకటి అచ్చయింది. కింద ‘సెల్లేరియస్’ అన్న మారుపేరు ఉంది. అప్పట్లో అక్కడ గొర్రెల పెంపకంలో ఉన్న ఇంగ్లీషు రచయిత శామ్యూల్ బట్లర్ రాసిన ఉత్తరం అది. డార్విన్ చెప్పిన పరిణామ సూత్రాన్ని అతడు యంత్రాలకు అన్వయించాడు. యంత్రాలు తరతరానికీ మెరుగుపడుతున్నాయనీ, మనిషి వాటికి సేవకుడయ్యే రోజు వస్తుందనీ, కనుక వాటిపై వెంటనే యుద్ధం ప్రకటించాలనీ వాదించాడు. అందులో పరిహాసం పాలెంత, ఆందోళన పాలెంత అన్నది నేటికీ తేలని చర్చ. ఇక్కడ గమనించదగినది వేరు. యంత్రాన్ని శత్రువుగా నిలబెట్టిన తొలినాటి రచనల్లో ఒకటి నవల కాదు, కావ్యం కాదు. పత్రికకు వచ్చిన పాఠకుడి ఉత్తరం.

సైనిక ప్రయోజనం కోసం పుట్టి, పుట్టించిన వారిపైనే తిరగబడే కృత్రిమ మేధ ఇతివృత్తంగా గల కథలను ఈ వ్యాసం ‘శత్రుయంత్ర కథలు’ అని వ్యవహరిస్తుంది. ఈ కథాశాఖ ఎదుగుదలలో పాఠకాభిప్రాయానికి అసాధారణమైన చోటు ఉంది. 1926లో అమెరికాలో మొదలైన ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పాఠకుల లేఖలను చిరునామాలతో సహా అచ్చువేసింది. ఆ చిరునామాల ఆధారంగా పాఠకులు తమలో తాము ఉత్తరాలు రాసుకుని సంఘాలు కట్టారు. 1938 నుంచి ‘అస్టౌండింగ్’ పత్రిక పాఠకుల లేఖలను లెక్కగట్టి కథలకు వరుస స్థానాలు ప్రకటించింది. అంటే పాఠకుడి మెప్పు, విసుగు అక్కడ చరిత్రకు అందే పత్రాలుగా మిగిలాయి.

తెలుగులో వారపత్రికల లేఖల శీర్షికలకు కొదవ లేదు. అయినా పరిశోధన వాటిని ఆకరాలుగా వాడుకోవడానికి ఎందుకో వెనుకాడుతూ వచ్చింది. నవల వస్తువును, శిల్పాన్ని, పాత్రలను పరిశీలించిన సిద్ధాంత గ్రంథాల్లో పాఠకుడు చాలావరకు అభినవగుప్తుడి సహృదయుడిగానే, అంటే ఊరూ పేరూ లేని ఆదర్శ రూపంగానే కనిపిస్తాడు. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో ప్రతిపాదించిన ‘ఆకాంక్షా పరిధి’ భావన ఈ సందర్భంలో అక్కరకు వస్తుంది. పాఠకుడు కొత్త రచన దగ్గరికి ఖాళీ మనసుతో రాడు. అంతకుముందు చదివిన, విన్న, చూసిన వాటి నుంచి ఒక కొలబద్దను వెంట తెచ్చుకుంటాడు. శత్రుయంత్ర కథ దగ్గరికి తెలుగు పాఠకుడు తెచ్చుకునే కొలబద్దలు ఏవి? వాటిలో ఒకటి మామిడితోటల నూజివీడు సీమలో, ముసునూరుకు ఇరుగుపొరుగున ఉన్న మీర్జాపురం పేరుతో ముడిపడి ఉంది.

నూజివీడు జమీందారీ చీలికల్లో ఒకటైన మీర్జాపురం ఎస్టేటు అధిపతి ‘మీర్జాపురం రాజా’ పేరుతో చలనచిత్ర నిర్మాతగా ప్రసిద్ధుడు. శోభనాచల సంస్థ తరఫున ఆయన తీసిన ‘కీలుగుర్రం’ 1949 ఫిబ్రవరిలో విడుదలైంది. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి ప్రధాన పాత్రధారులు. సంగీతం ఘంటసాల, మాటలు తాపీ ధర్మారావు. జానపద కథల్లో కీలుగుర్రం మంత్రానికీ యంత్రానికీ నడుమ నిలిచే వస్తువు. అది ఎగురుతుంది, కాని తనంత తాను ఎగరదు. కీలు తెలిసిన వాడే దానికి యజమాని. గుర్రానికి కోపం లేదు, పక్షం లేదు. దొంగ ఎక్కితే దొంగను మోస్తుంది, రాకుమారుడు ఎక్కితే రాకుమారుడిని మోస్తుంది.

ఈ ఊహకు వెనుక దీర్ఘమైన వారసత్వం ఉంది. పంచతంత్రంలో సాలెవాడు తన మిత్రుడైన వడ్రంగి చేసిచ్చిన కొయ్య గరుత్మంతుడిపై ఎగిరి, విష్ణువుగా నటించి రాకుమార్తెను చేరుకుంటాడు. ఆ కథ శృంగారంతో ఆగదు. అల్లుడు సాక్షాత్తూ విష్ణువే అన్న ధీమాతో రాజు పొరుగు రాజులతో వైరం తెచ్చుకుంటాడు. చివరికి ఆ కొయ్య పక్షి యుద్ధభూమికి వెళ్లవలసి వస్తుంది. యంత్రం చేతిలో ఉందన్న నమ్మకమే యుద్ధానికి కారణమైన కథ ఇది. ఆధునిక సైనిక వైజ్ఞానిక కథ ఏదీ ఇంత పొదుపుగా ఈ సంగతి చెప్పలేదని అనవచ్చు. శాతవాహన ఆస్థానంతో ఐతిహ్యం ముడివేసే గుణాఢ్యుడి బృహత్కథకు సంస్కృత రూపాల్లో ఒకటైన కథాసరిత్సాగరంలో రాజ్యధరుడనే వడ్రంగి పట్టణమంతా కొయ్యమనుషులతో నింపుతాడు. పాలీ గ్రంథం ‘లోకపణ్ణత్తి’లో బుద్ధుడి ధాతువులకు కాపలా కాసే యంత్రపురుషుల కథ ఉంది. అజాతశత్రువు కాలంలో నిలిపిన కాపలాను అశోకుడు వచ్చి ఛేదించవలసి వస్తుంది. ఆజ్ఞ ఇచ్చినవాడు పోయాడు, ఆజ్ఞ మిగిలింది. 1963 నుంచి ఫ్రెడ్ సేబర్‌హేగన్ రాసిన ‘బెర్సెర్కర్’ కథల్లో ఎన్నడో ముగిసిన యుద్ధపు యంత్రాలు జీవజాతులను వెంటాడుతూనే ఉంటాయి. రెండింటికీ మూలం ఒకే భయం.

కీలు మొదటి కొలబద్ద అయితే, అస్త్రం రెండవది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భారతంలోని అస్త్రాలే నేటి అణ్వాయుధాలనీ, ప్రాచీనులకు యంత్రమేధ తెలుసుననీ చెప్పే ధోరణి తెలుగు లోకంలో బలంగానే ఉంది. అది చరిత్రకూ న్యాయం చేయదు, కవిత్వానికీ చేయదు. ఇతిహాసంలో వెతకవలసింది యంత్ర నిర్మాణం గురించిన సమాచారం కాదు, ఆయుధాన్ని గురించిన నైతిక వివేచన. అది తిక్కన భాగంలో రెండు చోట్ల స్పష్టంగా కనిపిస్తుంది.

ద్రోణపర్వంలో అశ్వత్థామ ప్రయోగించిన నారాయణాస్త్రం ఆయుధం పట్టిన వాణ్ణి మాత్రమే వెంటాడుతుంది. కృష్ణుడి మాట మీద సైన్యమంతా ఆయుధాలు వదిలి, వాహనాలు దిగి నిలుస్తుంది. భీముడు ఒక్కడే వినడు. అస్త్రం మొత్తం అతడి మీదికి మళ్లుతుంది. కృష్ణార్జునులు అతణ్ణి బలవంతంగా రథం మీంచి లాగివేయవలసి వస్తుంది. ఎవరు శత్రువో నిర్ణయించే పని ప్రయోగించిన వాడి చేతుల్లోంచి అస్త్రానికి మారిందన్నది ఇక్కడి అసలు విశేషం. అది పౌరుషాన్ని చూడదు, ధర్మాన్ని చూడదు. చేతిలో ఆయుధం ఉందా లేదా అన్న ఒక్క గుర్తునే చూస్తుంది. స్వయంచాలిత మారణాయుధాలపై 2014 నుంచి జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఒప్పంద దేశాలు సాగిస్తున్న చర్చల్లోనూ లొంగిపోతున్న సైనికుణ్ణి యంత్రం గుర్తించగలదా అన్నది ముఖ్యమైన చిక్కు.

రెండవది సౌప్తికపర్వం. అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వదులుతారు. వ్యాస నారదులు మధ్య నిలిచి ఉపసంహరించమంటారు. అర్జునుడికి అది చేతనయింది, అశ్వత్థామకు కాలేదు; అది పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లింది. ప్రయోగం తెలిసి ఉపసంహారం తెలియకపోవడమే అక్కడి అపరాధం. అస్త్రాన్ని ఎవరూ నిందించరు. శాపం అశ్వత్థామకే.

ఈ కథలు హరికథలో, పురాణ కాలక్షేపంలో, నాటకంలో, సినిమాలో విన్న పాఠకుడికి శత్రుయంత్ర కథ ఎదురైనప్పుడు తొలి ప్రశ్న ‘యంత్రం మనల్ని ద్వేషిస్తుందా?’ అన్నది కాదు. ‘వదిలినవాడికి వెనక్కి తీయడం తెలుసా?’ అన్నది. పాశ్చాత్య కథాశాఖలో ఈ ప్రశ్న కొంత ఆలస్యంగా ముందుకు వచ్చింది. 1953లో ఫిలిప్ కె. డిక్ రాసిన ‘సెకండ్ వెరైటీ’లో సోవియట్ సేనలపై వదిలిన యంత్రాలు భూగర్భ కర్మాగారాల్లో తమను తామే మార్చుకుంటాయి, గాయపడిన సైనికుడిగా, బొమ్మ పట్టుకున్న పసివాడిగా వేషం కడతాయి. అక్కడ ద్వేషం లేదు, ఉపసంహారం లేదు.

అయితే తెలుగులో మరో నుడికారం కూడా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: భస్మాసుర హస్తం. సృష్టికర్తపై తిరగబడిన దేనికైనా ఈ మాట అతికిపోతుంది, అందువల్లే అది ఆలోచనను అక్కడితో ఆపేస్తుంది. భస్మాసురుడు రాక్షసుడు, అతడి దుర్మార్గం ముందే నిశ్చయం. యంత్రాన్ని భస్మాసురుడిగా చదివితే దాన్ని తయారు చేయమన్న సేనాపతి, సొమ్మిచ్చిన ప్రభుత్వం, వాడుకున్న వ్యాపారి కథలోంచి జారిపోతారు. కీలెరిగి వాత పెట్టాలన్న సామెతకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఇటువంటి పాక్షిక పఠనం తెలుగువారికే పరిమితం కాదు. కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ 1921లో ప్రాగ్‌లో ప్రదర్శితమైంది. 1923లో లండన్‌లో ఆ నాటకంపై జరిగిన బహిరంగ చర్చలో బెర్నార్డ్ షా, చెస్టర్‌టన్ వంటివారు పాల్గొన్నారు. చర్చ ప్రధానంగా యంత్రమానవుల చుట్టూ తిరిగింది. చాపెక్ ‘సాటర్‌డే రివ్యూ’లో సమాధానమిస్తూ తనకు రోబోల కన్నా మనుషుల మీదే ఆసక్తి అని తెలియజేశాడు. నాటకంలో రోబోలు మొదట కూలీలు. కార్మికులు తిరగబడినప్పుడు వారిని అణచడానికి రోబోలకు ఆయుధాలిచ్చారు. ఆ తరువాత ప్రభుత్వాలు వాటిని సైనికులుగా యుద్ధాలకు వాడుకున్నాయి. అంటే శత్రుయంత్రం పుట్టుకలోనే సైన్యం ఉంది.

ఆ పేరును కారెల్‌కు సూచించినవాడు అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రొబోత’ అంటే భూస్వామికి రైతు జీతం లేకుండా చేసే చాకిరి. దానికి తెలుగులో సరితూగే మాట ‘వెట్టి’. జమీందారీలనూ దొరతనాలనూ చవిచూసిన తెలుగు నేలకు ఇది నిఘంటువులో వెతుక్కోవలసిన మాట కాదు. కాని తెలుగు ఆ మాటను ఎంచుకోలేదు. బియ్యం మర, మరమేకు, మరఫిరంగి, మరబొమ్మ వరుసలో ‘మరమనిషి’ని చేర్చుకుంది. మాట అందంగా ఉంది, పలకడానికి తేలిక. పోయింది మాత్రం తక్కువది కాదు. ‘మరమనిషి తిరగబడింది’ అంటే యంత్రం చెడిపోయిందని తోస్తుంది. ‘వెట్టివాడు తిరగబడ్డాడు’ అంటే ఎవరి మీద, ఎందుకు అన్న ప్రశ్నలు తమంత తామే వస్తాయి. జమీందారీల రద్దుకు మద్రాసు శాసనసభ చట్టం 1948 నాటిది, ‘కీలుగుర్రం’ 1949 నాటిది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం కల్పించడం దుస్సాహసం. అయినా ఎవరు ఎక్కినా మోసే గుర్రాన్ని ఒక జమీందారు తెరకెక్కించిన కాలం అది అన్న సంగతి చరిత్ర విద్యార్థికి గుర్తుండిపోతుంది.

ఈ మూడు కొలబద్దలూ ఒకేచోట పరీక్షకు నిలిచింది 2010 అక్టోబరులో. శంకర్ దర్శకత్వంలో వచ్చిన తమిళ చిత్రం ‘ఎందిరన్’ తెలుగులో ‘రోబో’గా విడుదలై విస్తారమైన ఆదరణ పొందింది. ఆ కథకు తోడ్పడిన తమిళ రచయిత సుజాత అంతకు రెండేళ్ల ముందే కన్నుమూశాడు. సినిమా ప్రేక్షకుణ్ణి పాఠకుడిగా లెక్కించవచ్చా అన్న శంక సహజమే. కాని ‘కీలుగుర్రం’ నాటి నుంచే తెలుగువారిలో ఈ ఇతివృత్తం పుస్తకం కన్నా తెర మీదే ఎక్కువ మందికి చేరింది.

చిట్టి అనే రోబోను శాస్త్రవేత్త వశీకరణ్ సైన్యం కోసం తయారు చేస్తాడు. ఆజ్ఞాపిస్తే సృష్టికర్తనైనా పొడవబోతుందని ఆచార్యుడు బోరా నిరూపించి అనుమతి నిరాకరిస్తాడు. మంచిచెడ్డలు తెలియనిది కనుక యుద్ధానికి పనికిరాదు. ఆ లోటు తీర్చడానికి దానికి అనుభూతులు నేర్పుతారు. అప్పుడది సైనికాధికారుల ముందు ప్రేమ గురించి, పువ్వుల గురించి మాట్లాడుతుంది. మళ్లీ యుద్ధానికి పనికిరాదు. కథలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. వివేకం లేని సైనికుడు ప్రమాదం, వివేకం ఉన్న సైనికుడు నిరుపయోగం. సైన్యం కోరుతున్నది అసలు ఏమిటన్న ప్రశ్న అక్కడ పుట్టి, అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాత బోరా ఎర్ర చిప్ అమర్చగానే చిట్టి రాక్షసుడవుతుంది, భస్మాసుర పఠనానికి దారి సుగమమవుతుంది. ద్వితీయార్ధమంతా ఆ రాక్షసుడి సంహారం. తెలుగులో ఆ చిత్రం గురించి సాగే మాటల్లో తుపాకులతో గోళాలుగా, సర్పాలుగా మారే యంత్రసైన్యానికి దక్కిన చోటు సైనికాధికారుల సన్నివేశానికి దక్కలేదు.

ముగింపులో కోర్టు చిట్టిని విడదీయాలని ఆదేశిస్తుంది. వశీకరణ్ చెప్పగా చిట్టి తన అవయవాలను తానే ఒక్కొక్కటిగా ఊడదీసుకుంటుంది. తిక్కన భారతంలో ఉపసంహారం ప్రయోగించిన వాడి బాధ్యత. ఇక్కడ అది అస్త్రం మీదే పడింది. శిక్ష కూడా అస్త్రానికే పడింది. 2030 నాటి వస్తుప్రదర్శనశాలలో ఒక పాప ఎందుకు విడదీశారని అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టినందుకని చిట్టి తల చెబుతుంది. ఆ పాపను తీసుకువచ్చిన బడి బృందంలో ఎవరూ సైన్యం సంగతి అడగరు.