‘మన జట్టు’: కెంటకీ బాస్కెట్‌బాల్ అభిమాన చరిత్రలో రేడియో, వర్ణవివక్ష

కళాశాల క్రీడాజట్టుపై ప్రజాభిమానం కేవలం విజయాలతో ఏర్పడదని అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర తెలుపుతుంది. 1930 నుండి 1972 వరకు శిక్షకుడిగా ఉన్న అడాల్ఫ్ రప్ ఆ జట్టును 1948, 1949, 1951, 1958 సంవత్సరాలలో జాతీయ విజేతగా నిలిపాడు. అయితే లెక్సింగ్‌టన్ వెళ్లి ఆట చూడలేని దూరప్రాంతాల కుటుంబాలకు ఆ జట్టును చేరువ చేసింది రేడియో. బొగ్గుగనుల ప్రాంతమైన హార్లన్‌లో పుట్టిన కావుడ్ లెడ్‌ఫర్డ్ 1953 నుండి 1992 వరకు ఆ ఆటలకు వ్యాఖ్యాత. విశ్వవిద్యాలయ గడప తొక్కనివారు సైతం ఆయన గొంతు వింటూ దానిని ‘మన జట్టు’ అనుకోగలిగారు.

ఈ ‘మన’ అనే మాటకు గల పరిధిని కూడా పరిశీలించవలసి ఉంది. లైమన్ జాన్సన్ వేసిన దావాలో 1949లో వెలువడిన తీర్పుతో ఆ విశ్వవిద్యాలయ స్నాతకోత్తర విద్యలో నల్లజాతివారికి ప్రవేశం లభించింది. బాస్కెట్‌బాల్ జట్టులో మాత్రం మరో రెండు దశాబ్దాల పాటు వారికి చోటు దక్కలేదు. 1966 మార్చి 19న జాతీయ తుదిపోటీలో, ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట ప్రారంభించిన టెక్సస్ వెస్టర్న్ కళాశాల 72–65 స్కోరుతో కెంటకీని ఓడించింది. 1970లో టామ్ పేన్ బరిలోకి దిగేవరకు కెంటకీ జట్టులో మార్పు రాలేదు.

రేడియో తరంగాలకు వర్ణభేదం లేదు, జట్టుకు ఉండేది. కనుక అభిమాన చరిత్రలో జట్టును ఎవరు ప్రేమించారన్న ప్రశ్నతోపాటు, జట్టు ఎవరిని తనవారిగా స్వీకరించిందన్న ప్రశ్నకూ సమాన ప్రాధాన్యం ఉంది.