కరెంటు తీగలో ఇంటర్నెట్: మనాసస్ ఊరి కథ

మా ఇంట్లో వైఫై మేడ మీది గదికి అందదు. అందుకే రెండు పవర్‌లైన్ అడాప్టర్లు కొన్నా. ఒకటి కింద రౌటర్ పక్క ప్లగ్‌లో, ఇంకోటి పైన. గోడలోని కరెంటు వైరే నెట్ మోసుకొస్తుంది. బాగానే పనిచేస్తుంది, అమ్మ మిక్సీ వేసేదాకా. చట్నీ అయ్యేంతసేపు నా వీడియో కాల్ గోవిందా!

మరి ఇదే పని ఊరు మొత్తానికి చేయొచ్చు కదా? ప్రతి ఇంటికీ తీగ ఎలాగూ ఉంది, కొత్తగా తవ్వే పనే లేదు. ఈ ఆలోచన చాలా పాతది. 1920ల్లోనే అమెరికా ఆర్మీ అధికారి జార్జ్ ఓవెన్ స్క్వయర్ కంపెనీ న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో కరెంటు తీగల మీద పాటలు పంపింది. మామూలు రేడియో ముందు అది నిలవలేదు. 1997లో ఇంగ్లండ్‌లో నార్‌వెబ్, నార్టెల్ కలిసి ఇంటర్నెట్ పంపుతామన్నాయి, 1999లో వదిలేశాయి.

అసలు కథ వర్జీనియాలోని మనాసస్‌ది. చిన్న ఊరు, కరెంటు సప్లై కూడా మున్సిపాలిటీదే. 2005లో అమెరికాలోనే మొదటిసారిగా ఊరంతటికీ కరెంటు తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చారు. దాని పేరు బ్రాడ్‌బ్యాండ్ ఓవర్ పవర్‌లైన్, షార్ట్‌గా బీపీఎల్. (మనకి బీపీఎల్ అంటే తెల్ల రేషన్ కార్డే!) అప్పటికే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2004 అక్టోబర్‌లో రూల్స్ ఇచ్చేసింది. కేబుల్, ఫోన్ కంపెనీలకి పోటీగా మూడో తీగ వస్తుందని ఆశ.

ఎక్కడ తేడా కొట్టింది? అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. డేటా వెళ్లేదేమో మెగాహెర్ట్జ్‌ల్లో. స్తంభాల మీది తీగకి కేబుల్ టీవీ వైరుకున్నట్టు లోహపు తొడుగు ఉండదు. దాని మీద మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఎక్కిస్తే ఆ తీగే పొడవాటి యాంటెనా అయిపోతుంది. అది వెదజల్లేది కూడా హామ్ రేడియో వాళ్లు వాడే షార్ట్‌వేవ్‌లోనే. మనాసస్ హామ్‌లు రేడియోలో గోల అని ఫిర్యాదులు పెట్టారు.

"ఎవరి హాబీ కోసమో ఊరి నెట్ ఆపాలా?" అని నేనూ మొదట అనుకున్నా. కానీ 2004 సునామీ రోజున హైదరాబాద్ హామ్ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు పోయాక అండమాన్ కబుర్లు బయటికి చేర్చింది వాళ్ల షార్ట్‌వేవ్ రేడియోనే. అప్పుడు ఆ బ్యాండ్ నిండా గోల ఉండుంటే?

హామ్‌ల సంఘం కోర్టుకెళ్లింది. ఎఫ్‌సీసీ తన సొంత స్టడీల్లో కొన్ని భాగాలు దాచడం తప్పని 2008లో కోర్టు తేల్చింది.

అయినా బీపీఎల్‌ని చంపింది హామ్‌లు కాదనే నా అభిప్రాయం. ట్రాన్స్‌ఫార్మర్ ఈ సిగ్నల్‌ని సరిగా దాటనివ్వదు. అమెరికాలో ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద కొన్ని ఇళ్లే ఉంటాయి, ప్రతిచోటా పక్కదారి కట్టాలి, అంటే ఖర్చే ఖర్చు. ఈలోపు కేబుల్ వాళ్లు స్పీడ్ పెంచేశారు. 2010లో మనాసస్ సర్వీస్ ఆపేసేసరికి మిగిలిన కస్టమర్లు సుమారు 500 మంది.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017లో మొదలైనప్పుడు కేబుల్‌ని కరెంటు స్తంభాలకే వేలాడదీసింది. గాజు పోగులో వెళ్లేది కాంతి కాబట్టి పక్కనున్న కరెంటు తీగతో దానికి ఫరక్ పడదు.

మీ ఇంట్లో పవర్‌లైన్ అడాప్టర్ ఉంటే మిక్సీ టెస్ట్ చేసి, స్పీడ్ ఎంతకి పడిందో కామెంట్‌లో పెట్టండి. మా అమ్మకి చూపిస్తా.